తెల్లగా వదిలేసిన చోటు

‘నష్టం కలిగించినవారి వివరాలు’ అనే గడి ఎంత వెడల్పు ఉండాలన్న విషయం మీద పొలాల రక్షణ సంఘం నాలుగు సమావేశాలు జరిపింది. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు. సైకిల్ షాపు మేడ మీద, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో, కింద ఎవరో చక్రం వంకర తీస్తూ సుత్తితో బాదుతుంటే, పైన పద్నాలుగు మంది పెద్దమనుషులు రెండంగుళాలా మూడంగుళాలా అని తేల్చుకోలేక సతమతమయ్యారు. నాలుగో సమావేశం చివర సంఘం కార్యదర్శి లేచి నిలబడి, “మూడు. నేను గీసేశాను. ఇక ఇళ్ళకి వెళ్ళండి” అంది. ఆమె అలా అనకపోయి ఉంటే వాళ్ళు ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండేవారు.

ఆ కాగితం ఏమిటంటే, ఏటేటా పొలం చుట్టూ తిరిగి, ఎవరైనా ఆక్రమించారా, పాడుచేశారా అని చూసి రాయవలసిన తనిఖీ పత్రం. తమాషా ఏమిటంటే, తనిఖీ చేయడానికి వాళ్ళ చేతిలో అప్పటికి ఒక్క పొలం కూడా లేదు. తొమ్మిదేళ్ళలో ఊరి అంచున పదకొండు పొలాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. మీ భూమి మీదే, దున్నుకోండి, పిల్లలకి ఇచ్చుకోండి, కావాలంటే అమ్ముకోండి, కానీ దాని మీద ఎవరూ ఎప్పుడూ కట్టడం కట్టకూడదని ఒక ఒప్పందం రాసివ్వండి అని బతిమాలారు. పదకొండు మందీ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆలోచించి చెబుతామన్నారు. ఆ పదకొండు పొలాలూ ఇప్పుడు రేకుల గోదాములు.

మిగిలింది పన్నెండోది. ఏడెకరాలు. అది కార్యదర్శి సొంత మేనమామది.

కార్యదర్శికి జీతం వచ్చే ఉద్యోగం కొలతల ఆఫీసులో పటాలు గీయడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఆమెకు అన్నం సహించదు. అలాంటి మనిషికి ఇలాంటి సంఘం తగులుకుంది. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. మాట మొదలుపెడితే విషయంలోకి రావడానికే అరగంట పడుతుంది కాబట్టి, వెనకాల అందరూ ఆయన్ని ముందుమాట గారు అంటారు. కోశాధికారికి కళ్ళజోళ్ళ షాపు ఉంది; ఆయన ధ్యాసంతా పిట్టల మీద. ఏ పొలానికి వెళ్ళినా రైతుతో మాట్లాడవలసిన సమయానికి దుర్భిణి ఎత్తి చెట్టు వైపు తిరుగుతాడు. వీళ్ళందరినీ ఎలా భరిస్తున్నావని ఎవరైనా అడిగితే, భరించడం లేదనీ లాక్కొస్తున్నాననీ చెబుతుంది. చిన్నప్పుడు బడి సెలవులన్నీ ఆమె గడిపింది ఆ ఏడెకరాల్లోనే. అదీ పోతే తొమ్మిదేళ్ళలో తను చేసిందల్లా పదకొండు ఇళ్ళలో టీ తాగడమేనని ఆమెకు బాగా తెలుసు.

మామయ్యని ఒప్పించడానికి ఏడాదిన్నర పట్టింది. ఆయన గట్టివాడు, కాదని అనడు, ఔననీ అనడు. ఒప్పందం మొదటి పేజీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. “ఈ ఖాళీ స్థలాన్ని కాపాడటం కోసం” అని ఉందక్కడ.

“ఖాళీ ఏమిటి అమ్మాయ్? ఇది ఖాళీగా ఎప్పుడుంది?”

“అది ఆఫీసు మాట మామయ్యా. అలాగే రాయాలి. నువ్వు మూడో పేజీ చూడు, అసలు విషయం అక్కడుంది.”

ఆయన మూడో పేజీ చూడలేదు. మొదటి పేజీనే మరోసారి చదివాడు. చివరికి సరేనన్నాడు గాని, అది ఒప్పందం నచ్చి కాదు, మేనకోడలు తిరిగి తిరిగి చిక్కి సగమైందని. గోదాముల కంపెనీ మనిషి ఆయనకి వారానికోసారి ఫోను చేస్తూనే ఉన్నాడు.

సరేనన్న తరువాత గడువు వచ్చి పడింది. ఊరి కొత్త ప్రణాళిక ఒకటో తారీఖు నుంచి అమల్లోకి వస్తుందనీ, ముందురోజు సాయంత్రం అయిదు లోపల ఒప్పందం నమోదు కాకపోతే ఆ ఏడెకరాలు గోదాముల జాబితాలోకి పోతాయనీ కబురొచ్చింది. మామయ్యని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి సంతకం చేయిస్తే పావుగంటలో తేలిపోయే పని. ముందుమాట గారు ఒప్పుకోలేదు.

“ఇది సంతకం కాదమ్మా, ఘట్టం. ఘట్టాలు గదుల్లో జరగవు. పొలంలో సభ పెడదాం. రిజిస్ట్రారునే అక్కడికి రప్పిద్దాం. నలుగురూ చూడాలి.”

“నలుగురు చూడకపోయినా చెల్లుతుంది సార్.”

“చెల్లడం వేరు, వెలగడం వేరు.”

ఓట్లు పెట్టారు. పదమూడు, ఒకటి.

ఆ మర్నాటి నుంచి ఫోన్లు. ఆఫీసులో ఆమె సిరా కలం పట్టుకుంటే చాలు, ఫోను మోగేది. సభ ఎన్నింటికి, నీడ ఉంటుందా, కుర్చీలుంటాయా, ముఖ్యంగా బండి ఎక్కడ ఆపుకోవాలి. ఒకే పొద్దున పదకొండు మంది అదే అడిగారు. పన్నెండోసారి మోగేసరికి ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. సొరుగులోంచి ఒప్పందం కోసం మూడు నెలల కిందట గీసిన పొలం పటం నకలు తీసింది. అందులో పైరు ఉన్న చోటల్లా ఆకుపచ్చ, లేని చోటు తెలుపు. రోడ్డు పక్కన తెల్లగా ఉన్న ముక్కలో స్కేలు పెట్టి దీర్ఘచతురస్రం గీసి, ‘బండ్లు ఇక్కడ’ అని రాసి, రెండు బాణాలు పెట్టి అందరికీ పంపేసింది. రెండు నిమిషాల పని. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

సభ రోజు, అంటే గడువు ఆఖరి రోజు, పదకొండింటికి అందరూ పొలంలో ఉండాలి. కార్యదర్శి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో బల్ల ముందు నిలబడి ఉంది. రిజిస్ట్రారు ముద్ర వెతుకుతున్నాడు. ముద్ర దొరికాక సిరా దిండు ఎండిపోయింది. సిరా దిండు తడిపాక, బయటికి తీసుకెళ్ళే పుస్తకానికి గుడ్డ సంచి కావాలన్నాడు. పన్నెండు దాటాక కారెక్కి, “నేను అయిదు తరువాత ఒక్క నిమిషం కూడా ఉండనండి” అన్నాడు. ఆమె పళ్ళు బిగబట్టి కిటికీలోంచి గోదాములు లెక్కపెడుతూ కూర్చుంది. పదకొండు.

ఆ తరువాత మామయ్య పొలం. చేతికి పట్టీ కట్టుకున్న కార్యకర్త ఒకడు రోడ్డు పక్కన నిలబడి పటం చూసుకుంటూ చెయ్యి ఊపాడు. రిజిస్ట్రారు కారు రోడ్డు దిగి, వరుసగా ఆగి ఉన్న కార్ల చివర ఆగింది. ఆమె ఫైలు గుండెకు అదుముకుని తలుపు తీసి కాలు కింద పెట్టింది. కాలు చీలమండ దాకా దిగబడింది.

మెత్తటి మట్టి. గడ్డ లేదు, రాయి లేదు. నాలుగుసార్లు దున్ని, చదును చేసి, చేత్తో గడ్డలు చిదిపితే తప్ప అలాంటి మెత్తన రాదు. అంత మెత్తగా మామయ్య ఏ పంటకి చేస్తాడో ఆమెకు ఏడేళ్ళ వయసు నుంచీ తెలుసు. తల తిప్పి చూసింది. కార్ల మధ్య సన్నటి సాళ్ళు, దారం పట్టి వేసినట్టు తిన్నగా, ప్రతి చక్రం కిందికీ వెళ్ళి అక్కడ మాయమవుతున్నాయి.

రెండు వారాల కిందట మామయ్య ఫోను చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. “అమ్మాయ్, రోడ్డు పక్క ముక్కలో క్యారెట్ వెయ్యబోతున్నాను. తడి బాగా కుదిరింది” అన్నాడు. ఆయన గొంతులో సంబరం ఉంది. “మంచిది మామయ్యా, మూడో పేజీ చదివావా?” అని ఆమె అడిగింది.

గుండె జారిపోయింది. కానీ కార్యదర్శికి గుండె జారినా ముందు నోరే లేస్తుంది. కుర్చీల మధ్య, మైకు ముందు నిలబడి ఉన్న ముందుమాట గారి దగ్గరికి బురదకాలితోనే వెళ్ళింది.

“విత్తనం వేసిన నేలలో కార్లు పెట్టించారా? మనది పొలాల రక్షణ సంఘం సార్. బయట బోర్డు మీద అదే రాసుంది.”

ముందుమాట గారు మొట్టమొదటిసారి ఉపోద్ఘాతం లేకుండా మాట్లాడాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. “మీరు పంపిందేనమ్మా.”

ఆమె దస్తూరీనే. ‘బండ్లు ఇక్కడ.’ బాణాలు కూడా ఎంత చక్కగా ఉన్నాయో. తొమ్మిదేళ్ళుగా ఆమె ఎవరి మీద పడితే వాళ్ళ మీద విసుక్కుంటూ వచ్చింది. ఆ విసుగంతా ఇప్పుడు దారి తప్పకుండా ఇంటికొచ్చి తలుపు కొట్టింది.

అత్తయ్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. “పిలిచేదాకా ఇంట్లోంచి బయటికి రావద్దని మీ హెడ్మాస్టరు కబురు పెట్టాడే. ఘట్టం అట. నేను ఈయనకి చొక్కా ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను. బయటికొచ్చి చూసేసరికి అప్పటికే ముప్ఫై కార్లు. ఆ పట్టీ అబ్బాయిని అడిగితే, కార్యదర్శి గారి పటమండీ అన్నాడు. అంతే, ఈయన వెళ్ళి మోటారు గదిలో కూర్చున్నాడు.”

మోటారు గది అంటే నాలుగడుగుల గది. మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది.

“పోయిన వారం కంపెనీ మనిషి వచ్చాడు,” అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. “పొలం చూస్తానన్నాడు. రోడ్డు మీద ఆగి, ఎక్కడ అడుగెయ్యొచ్చండీ అని అడిగాడు. గట్టు చూపించాను. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గట్టు మీదే నడిచాడు. రేకులు వేసి పూడ్చేసేవాడు అడిగాడు అమ్మాయ్. కాపాడతామన్నవాళ్ళు అడగలేదు.”

“తప్పు నాది మామయ్యా. పటం నేనే గీశాను.”

“తెలుసు.”

“నువ్వు ఫోనులో చెప్పావు కూడా.”

“చెప్పాను. ముందు ఆ బండ్లు తియ్యించు. వచ్చిన గాడిలోనే వెనక్కి వెళ్ళాలి. ఒక్క చక్రం పక్కకి జరగకూడదు. ఆ తరువాత సంగతి తరువాత” అన్నాడు.

నలభై రెండు కార్లు. వచ్చేటప్పుడు పావుగంటలో వచ్చినవి, తిరిగి రోడ్డెక్కడానికి రెండున్నర గంటలు తీసుకున్నాయి. వెనక్కి నడపడం ఒక్కడికైనా తిన్నగా వస్తేనా. ఒకాయన పక్క గాడిలోకి పోయాడు. ఒకావిడ తన కారు కొత్తదని కంటతడి పెట్టింది. పిట్టలాయన దుర్భిణి మెడలో వేలాడుతుంటే చక్రాల ముందు వంగి నడుస్తూ, “ఎడమకి, ఇంకొంచెం ఎడమకి” అని అరిచాడు. తొమ్మిదేళ్ళలో ఆయన నేల వైపు చూడటం అదే మొదలు. ముందుమాట గారి కారు కూరుకుపోయింది. ఆయనే దిగి నలుగురితో పాటు వెనక నుంచి తోశాడు. తెల్ల చొక్కా మట్టికొట్టుకుపోయినా నోరెత్తలేదు. మధ్యమధ్య రిజిస్ట్రారు గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. రిజిస్ట్రారు కారే అందరికన్నా ఆఖర్న బయటపడింది. అప్పటికి మూడున్నర.

కార్యదర్శి మళ్ళీ మోటారు గది దగ్గరికి వెళ్ళింది. సంతకం మాట ఎత్తడానికి ఆమెకు మొహం చెల్లలేదు. తొమ్మిదేళ్ళ కష్టం ఇంకో గంటన్నరలో బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉన్నా, ఈ మనిషిని ఇప్పుడు పెన్ను పట్టమని ఏ నోటితో అడుగుతుంది? చేతులు కట్టుకుని నిలబడింది.

“ఆ పటం ఇలా ఇవ్వు,” అన్నాడు మామయ్య. చూశాడు. “పచ్చ రంగు పంట. బావుంది. ఈ తెల్లగా ఉన్నదంతా ఏమిటి?”

“పంట లేని చోటు మామయ్యా.”

“పెన్సిలు ఉందా? పద.”

ఆయన చెప్పులు వదిలి గట్టెక్కాడు. ఆమె కూడా వదిలింది. రోడ్డు పక్క ముక్క దగ్గర ఆగాడు. “ఇక్కడ క్యారెట్ వేసి పన్నెండు రోజులు. ఇంకో మూడు రోజుల్లో మొలక కనపడేది. రాయి.” ఆమె రాసింది. కాలవ వైపు పల్లపు మూల దగ్గర, “వానొస్తే పైనీళ్ళన్నీ ఇక్కడికి దిగుతాయి. ఇక్కడ ఏమీ వెయ్యకపోబట్టే పైన వేసింది బతుకుతోంది. రాయి” అన్నాడు. చేను చివర పట్టీలాంటి చోటు చూపించి, అది లేకపోతే ట్రాక్టరు నీ నెత్తిన తిరుగుతుందా అని అడిగాడు. మోళ్ళు మిగిలిన ముక్క దగ్గర వంగి, ఓ పిడికెడు మట్టి తీసి ఆమె అరచేతిలో పోశాడు. “రెండు పంటలు క్యాబేజీ తీశాను దీంట్లో. అలిసిపోయింది. ఇప్పుడు పడుకుంది. పడుకున్న మనిషి మంచాన్ని ఖాళీ అంటామా?”

ఆమె రాస్తూ పోయింది. పెంట గుంట, తవ్విన మట్టి ఆరబెట్టే చోటు, తేనెటీగల పెట్టెలు పెట్టే గట్టు. చిన్నప్పుడు సెలవులన్నీ గడిపిన పొలమే. ఇరవై రెండేళ్ళు పటాలు గీసిన చెయ్యే. ఇందులో సగం ఆమెకు తెలియదు. తెలిసిన సగం కూడా పటంలో లేదు. తిరిగి మోటారు గది దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద తెల్లగా గోరంత చోటు మిగల్లేదు.

“ఇప్పుడు చెప్పు. బండ్లు ఎక్కడ పెడతావు?”

“రోడ్డు మీద, మామయ్యా.”

“నడవడం?”

“నిన్ను అడిగి. గట్టు మీద.”

ఆయన కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. నాలుగున్నర దాటింది. “మొదటి పేజీలో ఆ మాట కొట్టెయ్యి. సాగుభూమి అని రాయి. అలా రాస్తే సంతకం పెడతాను. రాయకపోతే మీ ఆఫీసు మాట మీరే ఉంచుకోండి.”

కొట్టివేతలుంటే కుదరదని రిజిస్ట్రారు మొరాయించాడు. ఆమె తీరిగ్గా ఆయన వైపు తిరిగింది. సిరా దిండు ఎండిపోయిన సంగతి దగ్గర నుంచి మొదలుపెట్టి ఆమె చెప్పిన నాలుగు ముక్కలూ ఇక్కడ రాయడం అనవసరం. కొట్టివేత పక్కన రిజిస్ట్రారు పొట్టి సంతకం పెట్టాడు. కొత్త పటాన్ని ఒప్పందానికి జత చేశాడు. మామయ్య రోడ్డు మీద, రిజిస్ట్రారు కారు మూత మీద కాగితాలు పరిచి, ఒక్కో పేజీ చదువుకుంటూ సంతకాలు చేశాడు. మూడో పేజీ కూడా చదివాడు. రిజిస్ట్రారు పుస్తకంలో ఎక్కించి ముద్ర వేసేసరికి అయిదుకి ఆరు నిమిషాలు తక్కువ.

ముందుమాట గారు మైకు చేతికి తీసుకోబోయాడు. అత్తయ్య, “అన్నయ్య గారూ, ఇవాళ్టికి మీరు ఇంటికెళ్ళి ఆ చొక్కా నానబెట్టుకోండి” అంది. ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళాడు. ఘట్టం అలా ముగిసింది.

ఒప్పందం నమోదైన నెలలోపల మొదటి తనిఖీ జరగాలని సంఘం నియమం. కార్యదర్శి ఒంటరిగా వెళ్ళింది. రోడ్డు మీద సైకిలు ఆపి, మామయ్యని అడిగి, గట్టు మీద నడిచింది. క్యారెట్ మొలిచింది. సన్నటి పచ్చదనం ముక్కంతా పరుచుకుంది, జంటలు జంటలుగా సాగిన చక్రాల గాడుల్లో తప్ప. ఆ గాడుల్ని మామయ్య పారతో గుల్లచేసి రెండోసారి విత్తనం వేశాడు. నేల గట్టిపడిపోయింది, అక్కడొకటి అక్కడొకటి తప్ప రాలేదు. ఆమె నియమం ప్రకారం నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసింది. ఒక్క గాడి కూడా ఫొటోలోంచి తప్పించలేదు.

మోటారు గదిలో బకెట్టు మీద కూర్చుని తనిఖీ పత్రం నింపింది. పొలానికి నష్టం జరిగిందా? జరిగింది. ఎక్కడ? రోడ్డు పక్క ముక్కలో. ఎలా? కార్లు నిలపడం వల్ల. తరువాత, ‘నష్టం కలిగించినవారి వివరాలు’. నాలుగు సమావేశాల గడి. మూడంగుళాలు. ఆమె కలం ఆగింది, కాని ఎంతోసేపు కాదు. ‘పొలాల రక్షణ సంఘం. దారి చూపినది: కార్యదర్శి’ అని రాసింది. గడి సరిగ్గా సరిపోయింది. కింద తనిఖీ చేసినవారు అన్న చోట కూడా కార్యదర్శి అనే రాసి, సంతకం పెట్టి, మామయ్యకి ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఎప్పటిలాగే మొదటి వాక్యం నుంచి నిదానంగా చదివాడు. ఆ గడి మీద ఒకసారి వేలితో తట్టాడు. తరువాత కాగితం మడిచి ఆమెకిచ్చాడు.

“వచ్చే ఏడు ఈ ఒక్క చోటు ఖాళీగా ఉంచు అమ్మాయ్,” అన్నాడు.